మందు తగ్గించమని చెప్పే పది నిమిషాల మాట పనిచేస్తుందా? తిరుపతి, చిత్తూరు పరిశోధకులకు సమగ్ర మార్గదర్శి

బీపీ చూపించుకోవడానికో షుగరు మాత్రలకో వచ్చిన మనిషిని మందు అలవాటు గురించి కూడా అడిగి, అతను చెప్పిన లెక్కను బట్టి ఐదు నుంచి పదిహేను నిమిషాలు మాట్లాడి పంపడాన్ని బ్రీఫ్ ఇంటర్వెన్షన్ అంటారు. ఇక్కడ దాన్ని క్లుప్త సలహా అంటాను. దీనికి మాత్రలు అక్కర్లేదు, అడ్మిషన్ అక్కర్లేదు. ఇది తాగుడుకు పూర్తిగా బానిసైనవారి కోసం కాదు. ఇంకా ఆ దశకు రాకుండా, ఒంటికీ ఇంటికీ నష్టం చేసే మోతాదులో తాగేవారి కోసం. మన పీహెచ్‌సీలకూ ఓపీలకూ అలాంటివారు రోజూ వస్తుంటారు. వాళ్ల తాగుడు గురించి అడిగే నాథుడే ఉండడు.

కమ్యూనిటీ మెడిసిన్, సైకియాట్రీ, నర్సింగ్, సోషల్ వర్క్, సైకాలజీ చదివేవాళ్లు ఈ విషయం మీద థీసిస్ చేయాలనుకోవడం మంచి సంగతి. ఒక్క మాట మాత్రం మొదటే మనసులో పెట్టుకోవాలి. సలహా తర్వాత తాగుడు తగ్గిందని చూపించడం చాలా తేలిక. మన సలహా వల్లే తగ్గిందని చూపించడమే కష్టం. కింద రాసిన అడుగులన్నీ ఆ తేడా కోసమే.

ఇప్పటికే తెలిసినదేమిటి

వైద్య అధ్యయనాలను కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2018 సమీక్ష 69 ట్రయల్స్‌ను (మనుషులను లాటరీతో గుంపులు చేసి పోల్చే అధ్యయనాలను), 33 వేలకు పైగా మనుషుల సమాచారాన్ని ఒకచోట చేర్చి చూసింది. ఏడాది తర్వాత చూస్తే, సలహా పొందినవారు పొందనివారికంటే వారానికి సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ తక్కువ తాగుతున్నారు. మన లెక్కలో అది 30 ఎంఎల్ పెగ్గులు రెండు. ఒక్క మనిషికి ఇది చిన్న మార్పే. జిల్లాలో వేలమందికి వర్తిస్తే చిన్నది కాదు. ఎక్కువసేపు కౌన్సెలింగ్ చేసినా అదనపు లాభం పెద్దగా కనిపించలేదు.

2013లో ఇంగ్లండ్‌లో వెలువడిన సిప్స్ ట్రయల్‌లో కరపత్రం ఒక్కటే ఇచ్చిన గుంపు, ఐదు నిమిషాల సలహా గుంపు, ఇరవై నిమిషాల కౌన్సెలింగ్ గుంపు మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సలహా దండగ అని దీని అర్థం కాదు. దేనితో పోలుస్తున్నామన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుందని అర్థం.

మన దేశంలో గోవాలో జరిగిన ప్రీమియం ట్రయల్ 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. తాగుడు ప్రమాదాన్ని కొలిచే ఆడిట్ అనే ప్రశ్నల పట్టికలో స్కోరు 12 నుంచి 19 మధ్య ఉన్న 377 మంది మగవారు పాల్గొన్నారు. వైద్యులు కాని మామూలు శిక్షణ పొందిన కౌన్సెలర్లు నాలుగు విడతల దాకా మాట్లాడారు. మూడు నెలలకు స్కోరు 8 కన్నా కిందికి వచ్చినవారు సలహా గుంపులో 36 శాతం, మరో గుంపులో 26 శాతం. అయితే ఇంకా తాగుతూనే ఉన్నవారు రోజుకు సగటున తాగే పరిమాణంలో తేడా రాలేదు. ఒకే ట్రయల్, రెండు కొలతలు, రెండు రకాల జవాబులు. ఏది ముఖ్యమైన కొలత అన్నది ఫలితం చూశాక కాదు, మొదలుపెట్టకముందే రాసిపెట్టాలనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మొదటి అడుగు: ప్రశ్నను ఒక్క వాక్యంలోకి తేవడం

'మద్యపానంపై క్లుప్త సలహా ప్రభావం' అన్నది శీర్షిక అవుతుంది గానీ ప్రశ్న కాదు. ప్రశ్న ఇలా ఉండాలి: చిత్తూరు జిల్లా పీహెచ్‌సీల ఎన్‌సీడీ (బీపీ, షుగరు వంటి అంటుకోని జబ్బుల) క్లినిక్‌లకు వచ్చే 18–60 ఏళ్ల మగవారిలో, ఆడిట్ స్కోరు 8 నుంచి 19 ఉన్నవారికి స్టాఫ్ నర్సు పది నిమిషాల సలహా ఇస్తే, కరపత్రం మాత్రమే ఇచ్చినవారితో పోలిస్తే, ఆరు నెలలకు తక్కువ ప్రమాద స్థాయికి వచ్చేవారి శాతం పెరుగుతుందా?

ఎవరు, ఎక్కడ, ఎవరిచ్చే సలహా, దేనితో పోలిక, ఎన్నాళ్లకు, ఏ కొలత. ఈ ఆరింటిలో ఏది తప్పిపోయినా గైడ్ దగ్గరకు వెళ్లకుండా మళ్లీ కూర్చుని రాయండి.

ఆడవారిని చేర్చాలా వద్దా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన మగవారిలో 18.8 శాతం, ఆడవారిలో 1.3 శాతం తాగుతున్నట్టు చెప్పారు. చేర్చితే అడిగేది ఆడమనిషై ఉండాలి, గది వేరుగా ఉండాలి, కటాఫ్ (ఏ స్కోరు నుంచి ప్రమాదమో ఆ గీత) కూడా వేరు. ఆ ఏర్పాట్లు చేయలేకపోతే మగవారికే పరిమితం చేసి, ఆ సంగతి నేరుగా రాయండి.

రెండో అడుగు: కొలత. ఇక్కడ తొందరపడొద్దు

ఆడిట్ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన పది ప్రశ్నల పట్టిక. స్కోరు 0 నుంచి 40. ఎనిమిది, ఆపైన వస్తే హానికర తాగుడు అనుకోవాలి. 20, ఆపైన ఉంటే బానిసత్వం ఉండొచ్చు కాబట్టి పెద్ద డాక్టరు చూడాలి. మొదటి మూడు ప్రశ్నలను విడిగా ఆడిట్-సి అంటారు. దాని స్కోరు 0 నుంచి 12. మగవారికి 4, ఆడవారికి 3 కటాఫ్‌గా ఎక్కువమంది వాడతారు.

పట్టిక అడిగేది 'డ్రింకులు'. మనవాళ్లు చెప్పేది క్వార్టర్లు, నైంటీలు, బీర్లు. ఈ రెండింటి మధ్య లెక్క తప్పితే మీ పరిశోధన అక్కడే కూలిపోతుంది. ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్. మన దుకాణాల్లో దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో ఆల్కహాల్ సాధారణంగా 42.8 శాతం ఉంటుంది. ఆ లెక్కన 30 ఎంఎల్ పెగ్గు ఒక డ్రింక్. 90 ఎంఎల్ సీసా మూడు. 180 ఎంఎల్ క్వార్టర్ ఆరు. 650 ఎంఎల్ బీరు 5 శాతానిదైతే రెండున్నర, 8 శాతం స్ట్రాంగ్ బీరైతే నాలుగు.

నగరిలో మరమగ్గం మీద పనిచేసే మనిషి ఒకరు క్లినిక్‌కు వచ్చారనుకుందాం. సంభాషణ ఇలా నడుస్తుంది.

"ఎన్ని రోజులకోసారి తాగుతారన్నా?"

"శనివారం కూలి డబ్బులు తీసుకున్నాక ఒక్క రోజే సిస్టర్. అది కూడా ఒక్కటే."

"ఒక్కటి అంటే?"

"ఒక్క క్వార్టరే."

"ఎవరితోనైనా పంచుకుంటారా, మీరొక్కరేనా?"

"నేనొక్కణ్ణే."

'ఒక్కటే' అన్న మాటను ఒక డ్రింక్‌గా రాసుకుంటే ఆడిట్-సి ఇలా వస్తుంది: నెలకు రెండు నుంచి నాలుగు సార్లు కాబట్టి 2, ఒకటి రెండు డ్రింకులు కాబట్టి 0, ఒకేసారి కూర్చుని ఆరు డ్రింకులు తాగడం ఎప్పుడూ లేదు కాబట్టి 0. మొత్తం 2. మనిషి బాగున్నాడని పంపేస్తారు. సరిగా రాస్తే మొదటి ప్రశ్నకు 2, ఐదారు డ్రింకులు కాబట్టి రెండో ప్రశ్నకు 2, వారం వారం ఆరు డ్రింకులు కాబట్టి మూడో ప్రశ్నకు 3. మొత్తం 7. అదే మనిషి, అదే తాగుడు. మీ రెండు తదుపరి ప్రశ్నలే తేడా.

అందుకే ఇంటర్వ్యూ చేసేవారి చేతిలో సీసాల ఫొటోలున్న కార్డు తప్పనిసరిగా ఉండాలి. ఇంట్లో గ్లాసులో పోసుకునేవారి విషయంలో అదీ చాలదు. మామూలు స్టీలు గ్లాసు, టీ గ్లాసు, డిస్పోజబుల్ గ్లాసు మూడూ బల్ల మీద పెట్టండి. 'మీరు ఎంత పోసుకుంటారో ఈ నీళ్లు పోసి చూపించండన్నా' అని అడగండి. ఆ నీళ్లను కొలజాడీలో పోసి చూడండి. నోటితో 'కొంచెం' అన్నవారి చెయ్యి అసలు లెక్క చెబుతుంది.

కల్లు, నాటుసారా సంగతి వేరు. వాటిలో ఆల్కహాల్ శాతం ఊరికీ ఊరికీ, పూటకూ పూటకూ మారుతుంది. వాటికి గ్రాముల లెక్క కట్టి దబాయించొద్దు. ఎంత పరిమాణం, ఎన్నిసార్లు అని విడిగా రాసుకుని, ఆ మనుషులను కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి విశ్లేషణ చేయండి.

ఎన్‌సీడీ కార్యక్రమంలో ఆశా కార్యకర్తలు ఇంటింటా నింపే సీబ్యాక్ అనే ఆరోగ్య ఫారంలో మద్యం ప్రశ్న ఉంది కదా, అది చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. ఆ ఫారం అడిగేది రోజూ తాగుతారా అని. మన నగరి మనిషి నిజాయితీగా 'లేదు' అంటాడు.

ఇంకో చిక్కు. ఆడిట్‌లో చాలా ప్రశ్నలు గడిచిన ఏడాది గురించి అడుగుతాయి. సలహా ఇచ్చిన మూడు నెలలకు అదే పట్టికను అలాగే అడిగితే, జవాబులో తొమ్మిది నెలలు సలహాకు ముందువే. ఫలితం కొలవడానికి ఆడిట్ వాడేట్టయితే కాలాన్ని 'గడిచిన మూడు నెలలు' అని మార్చి, మొదటిసారి కూడా అలాగే అడిగి, మార్చిన సంగతి ప్రోటోకాల్‌లో రాయండి. పరిమాణం కావాలంటే టైమ్‌లైన్ ఫాలోబ్యాక్ పద్ధతి మేలు. క్యాలెండర్ ముందు పెట్టుకుని నిన్నటి నుంచి వెనక్కి 14 లేదా 28 రోజులు ఒక్కో రోజూ అడుగుతూ పోవడమే ఆ పద్ధతి. తేదీలు గుర్తుండవు, సందర్భాలు గుర్తుంటాయి. కూలి డబ్బులిచ్చిన రోజు, సంత రోజు, పక్కింటి పెండ్లి, ఊరి జాతర, ఏకాదశి. ఇవన్నీ ముందే గుర్తుపెట్టిన స్థానిక క్యాలెండర్ ఒకటి తయారుచేసుకోండి.

రక్త పరీక్షల గురించి రెండు ముక్కలు. పెత్ అనే పరీక్ష గడిచిన రెండు నుంచి నాలుగు వారాల తాగుడును చూపిస్తుంది, కానీ ఖర్చు ఎక్కువ. జీజీటీ అనే కాలేయ పరీక్ష చవకే, కానీ కొవ్వు కాలేయం వల్లా కొన్ని మాత్రల వల్లా కూడా పెరుగుతుంది. పీజీ థీసిస్‌కు ఇవి తప్పనిసరి కావు. ఉన్న డబ్బుతో, ఎవరు ఏ గుంపో తెలియని మనిషిని ఫాలోఅప్ కోసం పెట్టుకోవడం ఎక్కువ మేలు.

పట్టికను తెలుగులోకి మార్చాక అసలు ఇంగ్లిషు పట్టిక చూడని వేరొకరితో తిరిగి ఇంగ్లిషులోకి మార్పించి సరిచూడండి. ఆ తర్వాత పదిమందికి చదివి వినిపించి, ప్రతి ప్రశ్నా వాళ్లకు ఎలా అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకోండి. నగరి వైపు తమిళం, కుప్పం వైపు తమిళం, కన్నడం ఇంటి భాషలుగా ఉన్నవారుంటారు. వాళ్లకు తెలుగు పట్టికే చాలనుకోవద్దు.

మూడో అడుగు: ముందు వినడం

సలహా రాయకముందు తాగేవారితో, మానేసినవారితో, ఇంటి ఆడవారితో, ఏఎన్‌ఎమ్, సీహెచ్‌ఓ (ఊరి ఆరోగ్య కేంద్రం అధికారి)లతో విడివిడిగా మాట్లాడండి. ఎందుకు తాగుతారని అడగొద్దు. ఆ ప్రశ్న నేరం మోపినట్టు ఉంటుంది. కిందటి శనివారం పని అయ్యాక ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమనండి. ఎవరు పిలిచారు, డబ్బు ఎవరు పెట్టారు, ఇంటికి ఎప్పుడు వచ్చారు, పొద్దున ఎలా ఉంది. తగ్గించుకునే దారులు ఆ కథలోనే దొరుకుతాయి. కొత్త సంగతులు రావడం ఆగిపోయేదాకా మాట్లాడండి.

నాలుగో అడుగు: సలహాను కాగితం మీద పెట్టడం

'కౌన్సెలింగ్ ఇచ్చాం' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. మీ సలహాను వేరే నర్సు చదివి అలాగే ఇవ్వగలిగేట్టు ఉండాలి. ఈ రంగంలో ఎక్కువగా వాడేది ఫ్రేమ్స్ అనే చట్రం. దాని ప్రకారం మనిషికి అతని లెక్క అతనికి చూపించాలి, నిర్ణయం అతనిదేనని చెప్పాలి, స్పష్టంగా ఒక సలహా ఇవ్వాలి, రెండు మూడు దారులు ముందు పెట్టాలి, తక్కువ చేసి మాట్లాడకూడదు, నీవల్ల అవుతుందన్న నమ్మకం కలిగించాలి.

"మీరు చెప్పిన లెక్క ప్రకారం స్కోరు 11 వచ్చిందన్నా. ఎనిమిది, ఆపైన వస్తే ఆరోగ్యానికి ఇబ్బంది. మీ బీపీ కూడా ఎక్కువుంది. మందు బీపీని పెంచుతుంది."

"అయితే పూర్తిగా మానేయాల్నా సిస్టర్?"

"మానేస్తే చాలా మంచిది. కనీసం ఇప్పుడున్నదానికంటే తగ్గించమనే నా సలహా. ఎట్లా చేయాలన్నది మీరే నిర్ణయించుకోవాల. మీకు ఏది కుదురుతుందనిపిస్తుంది?"

"కూలి డబ్బులు చేతికొస్తేనే కాళ్లు అటు పోతాయి. ఇంటిదాన్ని రమ్మని, ఆమె చేతికి ఇచ్చేస్తే..."

"బాగుంది. ఈ శనివారం అట్లా చేసి చూస్తారా?"

చివరి ఆలోచన మగమనిషి నోటి నుంచి రావడం గమనించండి. నర్సు చెప్పి ఉంటే అది మరో ఉపదేశమయ్యేది. మనవాళ్లకు ఉపదేశాలకు కొదవ లేదు. శిక్షణలో ఎక్కువ సమయం పట్టేది కూడా ఇదే: డాక్టర్లకూ నర్సులకూ తిట్టకుండా, భయపెట్టకుండా, ఊరుకుని వినడం నేర్పించడం.

సలహా ఇస్తున్నప్పుడు అనుమతి తీసుకుని కొన్ని సెషన్లు రికార్డు చేయండి. ప్రతి అంశం జరిగిందా లేదా అని చెక్‌లిస్టుతో చూడండి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. పోలిక గుంపు (ఈ సలహా ఇవ్వకుండా పోల్చడానికి పెట్టుకున్న గుంపు) సెషన్లను కూడా రికార్డు చేయండి. అక్కడ నర్సు మనసు ఊరుకోక ఆ మనిషికీ సలహా చెప్పేస్తుంటే మీకు తెలియాలి.

ఐదో అడుగు: పోలిక గుంపు

పోలిక గుంపు లేకుండా, సలహాకు ముందు స్కోరు, తర్వాత స్కోరు చూసి పీ విలువ (తేడా యాదృచ్ఛికంగా వచ్చిందా అని చూసే అంకె) కట్టే థీసిస్‌లు చాలా వస్తుంటాయి. అవన్నీ మంచి ఫలితమే చూపిస్తాయి. నమ్మొద్దు. కారణాలు మూడు.

ఒకటి, మనిషి తాగుడు ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఎక్కువైనప్పుడే ఒంట్లో బాగుండక ఆసుపత్రికి వస్తాడు, ఎక్కువ స్కోరు వచ్చినవారినే మీరు తీసుకుంటారు. మీరేమీ చేయకపోయినా తర్వాతిసారి కొలిచినప్పుడు చాలామందికి తగ్గే ఉంటుంది.

రెండు, అడగడమే ఒక చికిత్స. ఇరవై నిమిషాలు తన తాగుడు గురించి ఒక్కో రోజూ లెక్క చెప్పిన మనిషి ఇంటికి వెళ్లి ఆలోచిస్తాడు. మళ్లీ వచ్చినప్పుడు మీ మనసు నొప్పించడం ఇష్టంలేక తక్కువ చేసి చెప్పడమూ ఉంటుంది. దీన్ని తగ్గించడానికి మద్యం ప్రశ్నలను ఉప్పు, పొగాకు, నడక, నిద్ర ప్రశ్నల మధ్య పెట్టి ఆరోగ్య అలవాట్ల సర్వేగా అడగొచ్చు. అలా అడుగుతున్నట్టు ఎథిక్స్ కమిటీకి మాత్రం దాచకుండా చెప్పాలి.

మూడోది మన ప్రాంతానికి సంబంధించింది. మే నెలలో తిరుపతి గంగజాతర రోజుల్లో మనుషులను చేర్చుకుని, ఆరు నెలలకు నవంబరులో ఫాలోఅప్ చేశారనుకోండి. అప్పటికి ఎంతోమంది అయ్యప్ప మాల వేసుకుని ఉంటారు. మాలలో ఉన్న మనిషి మందు ముట్టడు. దానికి ముందు పెరటాశి నెల, శనివారాల ఒక్కపొద్దులు. మీ సలహా ఏమీ చేయకపోయినా స్కోరు బాగా పడిపోవచ్చు. అదే సంక్రాంతి తర్వాత అడిగితే కథ తిరగబడుతుంది. మాల వేసుకున్నారా, ఎప్పుడు తీశారు అన్న ప్రశ్న తప్పక చేర్చండి. రెండు గుంపులనూ ఒకే కాలంలో చేర్చుకుని ఒకే కాలంలో అడిగితే ఈ ప్రభావం రెంటిమీదా సమానంగా పడుతుంది.

ప్రభుత్వ విధానం కూడా ఇలాగే. ఆంధ్రప్రదేశ్‌లో 1995లో మద్యనిషేధం వచ్చి 1997లో సడలింది. 2019 అక్టోబరులో దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు చేతికి వచ్చి 99 రూపాయల క్వార్టర్ అమ్మకానికి వచ్చింది. ఇలాంటి మార్పుకు అటూ ఇటూ కొలతలు తీసి తేడా మీ సలహాకు అంటగడితే చెల్లదు.

పోలిక గుంపుకు ఏమిస్తారు? ఏమీ ఇవ్వకపోవడం నాకు సమ్మతం కాదు. ప్రమాదకరంగా తాగుతున్నాడని తెలిసీ ఊరికే పంపడం సరికాదు. కరపత్రమో, ఆ క్లినిక్‌లో మామూలుగా చెప్పే ఒక్క మాటో ఇవ్వండి, అధ్యయనం అయ్యాక అసలు సలహా కూడా ఇవ్వండి. అలా చేస్తే తేడా చిన్నగా కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

ఆరో అడుగు: ఎంతమంది కావాలి

పోలిక గుంపులో 25 శాతం మంది, సలహా గుంపులో 40 శాతం మంది తక్కువ ప్రమాద స్థాయికి వస్తారని అంచనా వేశాం అనుకుందాం. 80 శాతం పవర్ (నిజమైన తేడాను పట్టుకునే అవకాశం), 5 శాతం ప్రాముఖ్యత (లేని తేడాను ఉందనుకునే అవకాశం)తో ఒక్కో గుంపుకు 152 మంది కావాలి. ఐదో వంతు మంది మధ్యలో తప్పిపోతారనుకుంటే ఒక్కో గుంపుకు 190, మొత్తం 380. గోవాలో వచ్చిన 26, 36 శాతాలనే అంచనాగా తీసుకుంటే తప్పిపోయేవారిని లెక్కేయకముందే గుంపుకు 335 మంది అవుతారు.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. అడిగిన ప్రతి పదిమంది మగవారిలో ఒకరు అర్హులై, అర్హుల్లో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటే, 380 మంది దొరకడానికి 5,700 మందిని అడగాలి. రోజుకు ఇరవైమంది చొప్పున 285 క్లినిక్ రోజులు. పీజీలో ఒక్కరే చేసే పని కాదు ఇది.

అందుకని థీసిస్ చేసేవారికి నా గట్టి సలహా: సలహా పనిచేస్తుందా అన్న ప్రశ్న పక్కన పెట్టి, 40 నుంచి 60 మందితో సాధ్యాసాధ్యాల అధ్యయనం చేయండి. ఎంతమందిని అడిగితే ఎంతమంది అర్హులయ్యారు, ఎంతమంది ఒప్పుకున్నారు, మూడు నెలలకు ఎంతమంది దొరికారు, నర్సుకు నిజంగా ఎన్ని నిమిషాలు పట్టింది. ఈ నాలుగు అంకెలూ నిజాయితీగా ఇస్తే రాబోయే పెద్ద ట్రయల్‌కు పునాది అవుతుంది. అరకొర మందితో పీ విలువ తెచ్చిన థీసిస్ కంటే ఇది వందరెట్లు విలువైనది.

ఒకే పీహెచ్‌సీలో ఒకే నర్సు రెండు గుంపులకూ మాట్లాడితే సలహా అటుదిటు కలిసిపోతుంది. దాన్ని తప్పించడానికి పీహెచ్‌సీలనే లాటరీ వేయొచ్చు. కానీ ఒకే పీహెచ్‌సీకి వచ్చేవారు ఒకరికొకరు పోలికగా ఉంటారు కాబట్టి మందిని పెంచాలి. పీహెచ్‌సీకి 30 మంది, ఒకే పీహెచ్‌సీ మనుషుల మధ్య పోలికను కొలిచే అంకె (ఐసీసీ) 0.05 అనుకుంటే సంఖ్యను 2.45తో గుణించాలి. 152 కాస్తా 373 అవుతుంది, అంటే గుంపుకు 13 పీహెచ్‌సీలు.

ఏడో అడుగు: అనుమతులు, మనుషుల భద్రత

ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్కరినీ అడగొద్దు. మార్గదర్శకాలు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో ఇచ్చినవి. ట్రయల్ అయితే దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్‌ఐలో మొదటి మనిషిని చేర్చుకోకముందే నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ నుంచి మొదలుపెట్టాక చేసే నమోదును తీసుకోవడం లేదు. నమోదుకు రుసుము లేదు. ముఖ్యమైన కొలత ఒక్కటే రాయండి.

కాగితాలకంటే ముఖ్యమైనవి కొన్ని ఉన్నాయి. స్కోరు 20, ఆపైన వచ్చినవారిని, పొద్దున్నే చేతులు వణికేవారిని, తాగకపోతే చెమటలు పట్టేవారిని, గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చినవారిని అధ్యయనంలో చేర్చొద్దు. 'రేపటి నుంచి మానేయ్' అని అసలు చెప్పొద్దు. అలాంటివారు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వాళ్లను సైకియాట్రీ విభాగానికి చేర్చే దారి, అక్కడ ఎవరితో మాట్లాడాలో ముందే ఖాయం చేసుకోండి. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఇంటర్వ్యూ అక్కడే ఆపి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. టెలీ మానస్ 14416, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 నంబర్లు రెండు గుంపుల కరపత్రాల్లోనూ ఉండాలి.

గోప్యత విషయంలో తిరుపతిలో మరింత జాగ్రత్త అవసరం. కొండమీద పనిచేసేవారు, ఘాట్ రోడ్డులో బండి నడిపేవారు ఈ సంగతి బయటపడితే ఉద్యోగం పోతుందని టెన్షన్ పడతారు. ఆ భయం న్యాయమైనదే. ఓపీ చీటీ మీద స్కోరు రాయొద్దు. పేర్లున్న కాగితం, జవాబులున్న కాగితం వేరువేరు బీరువాల్లో ఉండాలి. భార్య పక్కనుండగా ప్రశ్నలు అడగొద్దు. ఆమెకు చెప్పుకోవాల్సింది ఉంటే విడిగా వినే ఏర్పాటు చేయండి.

ఎనిమిదో అడుగు: లాటరీ

మొదటి కొలతలన్నీ పూర్తయ్యాకే ఎవరు ఏ గుంపో తేలాలి. జాబితాను కంప్యూటరుతో, మనుషులను చేర్చుకునే పనిలో లేని వ్యక్తి తయారుచేయాలి. నలుగురు, ఆరుగురు చొప్పున, రెండు గుంపులూ సమంగా ఉండే బ్లాకులు కలిపి వాడండి. లోపలిది కనిపించని, వరుస నంబర్లు వేసి అంటించిన కవర్లు చాలు. ఓపీ నంబరు సరి బేసి, సోమవారం ఒక గుంపు మంగళవారం ఒక గుంపు వంటివి లాటరీ కాదు. తర్వాతి మనిషి ఏ గుంపో ముందే తెలిస్తే, బాగుపడేలా కనిపించేవాణ్ణి సలహా గుంపులోకి నెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది.

తొమ్మిదో అడుగు: మళ్లీ పట్టుకోవడం

చిత్తూరు జిల్లా మనుషులు పనుల కోసం బెంగళూరు, చెన్నై వెళ్తారు. ఫోన్ నంబర్లు మారతాయి. అనుమతితో ఇంకో ఇద్దరి నంబర్లు తీసుకోండి, నెలకోసారి పలకరించండి. ఫోన్ ఎత్తింది భార్యో కొడుకో అయితే 'ఆరోగ్య సర్వే నుంచి' అని మాత్రమే చెప్పాలి. ఫాలోఅప్ అడిగే మనిషికి ఎవరు ఏ గుంపో తెలియకూడదు. మాట్లాడుతుండగా అతను 'ఆ సిస్టర్ చెప్పినట్టే చేశాను' అని బయటపెడితే, ఆ సంగతి నోట్ చేసుకోవాలి. బస్సు ఛార్జీలు, పోయిన పూట కూలి ఇవ్వడం న్యాయం. రెండు గుంపులకూ ఒకేలా ఇవ్వాలి.

పదో అడుగు: లెక్క తేల్చడం

ఎవరిని ఏ గుంపులో వేశారో ఆ గుంపులోనే లెక్కించండి, సలహా సగంలో లేచి వెళ్లిపోయినా సరే. పోల్చాల్సింది సలహా గుంపులో ముందూ తర్వాతా కాదు, ఆరు నెలలప్పుడు రెండు గుంపులనూ, మొదటి స్కోరును సర్దుబాటు చేసి. తాగుడు పరిమాణం సమంగా పరుచుకుని ఉండదు. చాలామంది సున్నా దగ్గర, కొద్దిమంది ఎక్కడో పైన ఉంటారు. సగటులను పోల్చే మామూలు టీ టెస్టు బదులు, ఇలాంటి లెక్కలకు సరిపోయే నెగటివ్ బైనామియల్ రిగ్రెషన్ గురించి స్టాటిస్టీషియన్‌తో మాట్లాడండి. డేటా వచ్చాక కాదు, ప్రోటోకాల్ రాసేటప్పుడే.

తప్పిపోయినవారిని వదిలేయొద్దు. ఎక్కువ తాగేవారే దొరక్కుండా పోతే మిగిలినవారి లెక్క అందంగా కనిపిస్తుంది. వాళ్లందరూ మారలేదనుకుని ఒకసారి, మల్టిపుల్ ఇంప్యుటేషన్ (ఉన్న సమాచారాన్ని బట్టి తప్పిన జవాబులను అంచనా వేసే పద్ధతి)తో ఒకసారి చేసి, జవాబు మారుతుందేమో చూపించండి. ఏ గుంపులో ఎంతమంది, ఎందుకు తప్పిపోయారో వేరుగా రాయండి.

రాసేటప్పుడు ట్రయల్స్ నివేదికలో ఏమేం ఉండాలో చెప్పే 2025 కన్సార్ట్ చెక్‌లిస్టు, సలహాను వివరించడానికి ఉన్న టైడియర్ పట్టిక పన్నెండు అంశాలు ముందు పెట్టుకోండి. తేడా రాకపోతే రాలేదనే రాయండి. ఫలితం ఏదైనా సరే, మీకు సమయమిచ్చిన పీహెచ్‌సీ నర్సులకు, ఏఎన్‌ఎమ్‌లకు ఒక్క పేజీలో తెలుగులో రాసి ఇవ్వండి. సీసాల ఫొటో కార్డు, స్థానిక క్యాలెండర్ కూడా వాళ్ల దగ్గరే ఉంచండి, తర్వాత వచ్చే విద్యార్థి మళ్లీ మొదటి నుంచి తయారుచేసుకునే పని తప్పుతుంది.